రీఫ్ ట్యాంక్‌కు రాస్‌లను ఎంచుకోవడం ఎలా: పొసిగేవి, పొసగనివి, వేయాల్సిన వరుస

రీఫ్ ట్యాంక్ అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. అందులో వేసే రాస్ చేపల కుటుంబంలో 500కు పైగా జాతులున్నాయి. బొటనవేలంత పోసమ్ రాస్‌దీ, 2 మీటర్లు దాటే నెపోలియన్ రాస్‌దీ ఒకటే ఇంటిపేరు. అందుకే ‘రాస్‌లు కలిసి ఉంటాయా?’ అని అడిగితే పనికొచ్చే జవాబు దొరకదు. ఏ రాస్, దేని తర్వాత, ఎంత పొడవు ట్యాంక్‌లో అని అడగాలి. ఈ మూడింటిలో చాలామంది పట్టించుకోనిది వరుస. మొదట వేసిన చేప ట్యాంక్ అంతా తనదే అనుకుంటుంది. ఆ తర్వాత అక్కడ ఏది బతకాలో, ఏది మూలన నక్కాలో అదే తేలుస్తుంది. కాబట్టి మొదటి రాస్‌ను కొనకముందే చివరి రాస్ పేరు కూడా కాగితం మీద రాసి ఉండాలి.

కింద చెప్పేదంతా ఇప్పటికే నిలకడగా నడుస్తున్న ట్యాంక్ గురించి. ఉష్ణోగ్రత 24–26 డిగ్రీల సెల్సియస్, ఉప్పునీటి సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025–1.026, అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. ఇవి కుదరకపోతే చేపల ఎంపిక తర్వాతి మాట.

మొదటి పని మూత

తరిమితే రాస్ దూకుతుంది. లైటు టక్కున ఆరితే దూకుతుంది. రాత్రి ఎవరో గదిలో లైటు వేసినా దూకుతుంది. మూత లేని ట్యాంక్‌లో రాస్‌ను వేయకండి. ఈ విషయంలో మినహాయింపులు వెతకొద్దు.

6 మి.మీ. గళ్ళున్న పారదర్శకమైన మెష్‌ను ఫ్రేముకు బిగించి వాడండి. లైటు పెద్దగా తగ్గదు, గాలి ఆడుతుంది. ఎగ్‌క్రేట్ అని అమ్మే ప్లాస్టిక్ గళ్ళ పలక రాస్‌లకు సరిపోదు. దాని గళ్ళు 12 మి.మీ. పైనే ఉంటాయి, సన్నటి ఫ్లాషర్ రాస్ వాటిలోంచి సూటిగా బయటికి వచ్చేస్తుంది. పూర్తి గాజు మూత చేపను ఆపుతుంది కానీ వేడిని పట్టి ఉంచుతుంది, గాలి మార్పిడినీ తగ్గిస్తుంది.

మెష్ బిగించాక అసలు పరీక్ష మొదలవుతుంది. కేబుళ్ళు, రిటర్న్ పైపు, ఫీడర్ ఉన్న చోట్ల మీ చిటికెన వేలు దూరే సందు ఉంటే దాన్ని మూసేయండి. నీళ్ళు పొంగి ఫిల్టర్‌కు దిగే ఓవర్‌ఫ్లో పెట్టెకూ పైన మూత కావాలి. చేప ఒకరోజు కనబడకపోతే ఓవర్‌ఫ్లో, ఫిల్టర్ సాక్ (వడపోత సంచి), సంప్ (కింది ఫిల్టర్ తొట్టి), ట్యాంక్ వెనక నేల, ఈ వరుసలో వెతకండి. లైట్లు ఒక్కసారిగా ఆరకుండా 30–60 నిమిషాల పాటు మెల్లగా తగ్గేలా పెట్టుకుంటే దూకుళ్ళు తగ్గుతాయి.

రాత్రి ఎక్కడ పడుకుంటుందో చూసి ఎంచుకోండి

రాస్‌లను రంగును బట్టి కాక పడుకునే చోటును బట్టి విడదీస్తే ఎంపిక సులువవుతుంది.

ఫెయిరీ, ఫ్లాషర్, సిక్స్‌లైన్, పోసమ్ రాస్‌లు రాళ్ళ సందుల్లో పడుకుంటాయి. ఫెయిరీలు, ఫ్లాషర్లు తమ చుట్టూ జిగురు తెర అల్లుకుంటాయి. తెల్లవారాక పలచటి సంచిలాంటిది నీళ్ళలో తేలుతూ కనబడితే అది జబ్బు కాదు, రాత్రి అల్లుకున్న తెరే. వీటికి ఇసుకతో పనిలేదు కాబట్టి ఇసుక వేయని ట్యాంక్‌లోనూ ఉంటాయి.

హాలికోరిస్, లెపర్డ్, టమారిన్, కోరిస్ రాస్‌లు ఇసుకలోకి దూరి పడుకుంటాయి. భయమేసినా అందులోకే తలదూర్చి మాయమవుతాయి. వీటికి ఇసుక 5 సెం.మీ. లోతు తప్పనిసరి, 10 సెం.మీ. దాటిన చేపకు 7–8 సెం.మీ. మేలు. రేణువు 0.5 నుంచి 2 మి.మీ. మధ్య ఉండాలి. ముతక పగడపు ముక్కలు వేస్తే దూరిన ప్రతిసారీ ఒళ్ళు గీసుకుపోతుంది, ఆ గీతల్లోనే బ్యాక్టీరియా పుండ్లు మొదలవుతాయి. ఇసుక ఉన్నా దాని మీదంతా రాళ్ళు పరిచేస్తే లాభం లేదు, కనీసం రెండు మూడు చోట్ల ఖాళీ వదలండి. ఇసుక వద్దనుకునేవాళ్ళు 20 సెం.మీ. చదరపు పెట్టెలో 7 సెం.మీ. ఇసుక పోసి రాళ్ళ వెనక పెడితే ఒక చిన్న హాలికోరిస్‌కు సరిపోతుంది.

ఇసుకలో పడుకునే రాస్ కొత్తగా వచ్చిన రోజే ఇసుకలోకి వెళ్ళి మూడు నాలుగు రోజులు, ఒక్కోసారి వారం పైగా బయటికి రాకపోవచ్చు. తవ్వి చూడకండి. దూరం నుంచి వచ్చిన చేపకు పగలూ రాత్రీ తారుమారై ఉంటాయి, మీరు లైట్లు ఆర్పాక లేచి తిరుగుతూ ఉండొచ్చు. తవ్వితే మళ్ళీ బెదిరి ఇంకో వారం లోపలే ఉంటుంది.

ఎవరెవరు, ఎలాంటివాళ్ళు

పోసమ్ రాస్, అంటే వెట్‌మోరెల్లా జాతులు, 5–8 సెం.మీ. మించవు. నెమ్మదైనవి, సిగ్గరివి, రాళ్ళ మధ్యే తిరుగుతాయి. 6 సెం.మీ. లోపుండే పింక్ స్ట్రీక్డ్ రాస్ కూడా ఇదే కోవలోది. చిన్న ట్యాంక్‌లో రాస్ కావాలంటే నిజాయితీగా సిఫారసు చేయగలిగినవి ఈ రెండే. ఇవి మొదట రావాలి. హడావుడి చేపలు నిండిన ట్యాంక్‌లో చివరగా వేస్తే తిండికి బయటికే రావు.

ఫ్లాషర్ రాస్‌లు, పారాకైలినస్, 6–8 సెం.మీ. ఉంటాయి. మెకాస్కర్, కార్పెంటర్, ఫిలమెంటెడ్ జాతులు తరచూ దొరుకుతాయి. మగది రెక్కలు విప్పి రంగు మెరిపించే ఆ క్షణం కోసమే వీటిని పెంచుతారు. కానీ ఒంటరి మగచేప చూపించడానికి ఎవరూ లేక కొన్ని నెలల్లో రంగు తగ్గించేస్తుంది. ఒక మగదానికి రెండు మూడు ఆడవి, లేదా వేరే జాతి ఫ్లాషర్ మగది తోడుంటే రంగు నిలుస్తుంది. వీటిలో కాస్త కయ్యానికి దిగేది ఎర్ర సముద్రపు ఎయిట్‌లైన్ ఫ్లాషర్, దాన్ని మిగతా ఫ్లాషర్ల తర్వాతే వేయండి.

ఫెయిరీ రాస్‌లు, సిరిలాబ్రస్, పగడాలను ముట్టవు, నీటి మధ్యలో తేలే తిండి తింటాయి. రీఫ్ ట్యాంక్‌కు బాగా సరిపోయే గుంపు ఇదే, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. లబ్బాక్ ఫెయిరీ 8 సెం.మీ. చుట్టూ ఉండే మెతక చేప. స్కాట్, లాబూట్, పింక్ మార్జిన్ ఫెయిరీలు పెద్దవి, పెత్తనం చేసేవి. ఎర్రతల సొలోరెన్సిస్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది కానీ మగది ముదిరాక తరుముతుంది. రెండు మగ ఫెయిరీలను పెట్టాలంటే జాతులు వేరుగా ఉండాలి, రంగూ ఒకలా ఉండకూడదు. ఎర్ర మగదాని పక్కన ఎర్ర మగది పెడితే రెండోదాన్ని మొదటిది తన జాతి పోటీదారుగానే చూస్తుంది.

ఆడవాటితో గుంపు కట్టేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. రాస్‌లలో చాలావరకు ఆడవిగా మొదలై తర్వాత మగవిగా మారతాయి. మూడు ఆడవాటిని తెస్తే కొన్ని వారాల నుంచి నెలల్లో పెద్దది మగది అవుతుంది. కొన్నాళ్ళకు రెండోదీ ఆ దారి పట్టవచ్చు, అప్పుడు ట్యాంక్‌లో ఒకే జాతి మగవి రెండు ఉన్నట్టు. ఇప్పటికే ముదిరిన మగదాన్ని తెచ్చి, దాంతో పాటు గానీ దానికంటే ముందు గానీ చిన్న ఆడవాటిని వేస్తే ఈ మార్పు నెమ్మదిస్తుంది.

హాలికోరిస్‌లలో ఎల్లో కోరిస్, మెలనూరస్ రెండూ 12 సెం.మీ. చుట్టూ పెరుగుతాయి. ఎల్లో కోరిస్ పేరులో కోరిస్ ఉన్నా అది హాలికోరిస్ క్రైసస్, అసలు కోరిస్‌లతో పొరబడకండి. ఈ రెండూ చదునుపురుగుల్ని, క్లామ్ ఆల్చిప్పలను పీల్చే చిన్న పిరమిడ్ నత్తల్ని, మాంటిపోరా పగడాన్ని తినే నూడిబ్రాంక్‌లను (గుల్లలేని సముద్రపు నత్తలు) వెతుక్కు తింటాయి. దీన్ని లాభంగానే తీసుకోండి, హామీగా కాదు. అదే నోటితో చిన్న నత్తల్ని, ఫెదర్ డస్టర్ పురుగుల్ని, బుల్లి రొయ్యల్ని కూడా తినొచ్చు. సెక్సీ ష్రింప్‌లు ఉన్న ట్యాంక్‌లో హాలికోరిస్ వద్దు. ఒకే జాతి మగవి రెండు వేయకండి. వేర్వేరు జాతులైతే 400 లీటర్ల పైన సర్దుకుంటాయి.

లెపర్డ్ రాస్, మాక్రోఫారింగోడాన్, స్వభావంలో ఎవరి జోలికీ పోదు. ఇబ్బంది తిండి దగ్గర. ఇసుకలో, రాళ్ళ మీద ఉండే సూక్ష్మజీవుల్ని రోజంతా ఏరుకు తినడం దీని అలవాటు. కనీసం ఆరు నెలలు నడిచి, కోపెపాడ్‌లు (రొయ్యల చుట్టాలైన అతిచిన్న జీవులు) బాగా ఉన్న ట్యాంక్‌లోనే వేయండి. మాండరిన్ చేప ఉన్న చిన్న ట్యాంక్‌లో లెపర్డ్‌ను వేస్తే రెండూ ఒకే తిండి మీద పడి రెండూ చిక్కిపోతాయి. మాండరిన్ పక్కన సిక్స్‌లైన్ విషయంలోనూ ఇంతే.

ఇక సిక్స్‌లైన్. స్యూడోకైలినస్ హెక్సాటేనియా 7–8 సెం.మీ. చేప, గట్టిది, తేలిగ్గా దొరుకుతుంది, ఏం పెట్టినా తింటుంది. కొత్తవాళ్ళు మొట్టమొదట తెచ్చే రాస్ ఇదే కావడంలో ఆశ్చర్యం లేదు. కొన్ని నెలలు బుద్ధిగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి చిన్న చేపనూ, ముఖ్యంగా ప్రతి రాస్‌నూ, రాళ్ళ చుట్టూ తరిమి రెక్కలు కొరుకుతుంది. సాధువైన సిక్స్‌లైన్‌లు ఉన్నాయి, కానీ దుకాణంలో చూసి అది ఎలాంటిదో చెప్పడం కుదరదు. సిక్స్‌లైన్ ఉన్న ట్యాంక్‌లో అదే ఏకైక రాస్ అనుకోండి. మరిన్ని కావాలంటే దాన్ని తీసేయండి. దాని దగ్గరి చుట్టాలు ఎయిట్‌లైన్ (పైన చెప్పిన ఎయిట్‌లైన్ ఫ్లాషర్ కాదు), మిస్టరీ రాస్‌లకూ ఇదే వర్తిస్తుంది. మిస్టరీ రాస్ ఖరీదైనది కాబట్టి మంచిదై ఉంటుందనుకునేవాళ్ళు ఉన్నారు, అలాంటిదేమీ లేదు.

పిల్లగా ఉన్నప్పుడు ముద్దొచ్చేవి

దుకాణంలో 4–5 సెం.మీ. పిల్లలుగా కనబడే కొన్ని రాస్‌లు పెద్దయ్యాక రీఫ్ ట్యాంక్‌లో ఇమడవు. నారింజ ఎరుపు ఒంటి మీద నల్ల అంచు తెల్ల మచ్చలున్న పిల్ల రెడ్ కోరిస్, 40 సెం.మీ. అవుతుంది, రాళ్ళు తిరగేస్తుంది, నత్తలు రొయ్యలు మిగల్చదు. తెల్లటి ఒంటిపై వీపున రెండు నారింజ మచ్చలున్నది క్లౌన్ కోరిస్, సముద్రంలో మీటరు పొడవుంటుంది. తల మీద కొమ్ముల్లా పోగులు లేచి, నీళ్ళలో కొట్టుకుపోయే నాచులా ఊగేది డ్రాగన్ రాస్, 30 సెం.మీ. పెరిగి మీరు అతికించని ప్రతి పగడాన్నీ దొర్లిస్తుంది. మూన్ రాస్, బర్డ్ రాస్ పగడాల్ని ముట్టవు కానీ చిన్న చేపల్నీ రొయ్యల్నీ వేటాడతాయి.

క్లీనర్ రాస్, లాబ్రాయిడిస్ డిమిడియేటస్, వేరే కారణంతో వద్దు. పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవులు, జిగురు దాని తిండి. ఇంటి ట్యాంక్‌లో అంత దొరకదు, ఎక్కువ భాగం మెల్లగా ఆకలితో చిక్కి చస్తాయి. శుభ్రం చేసే చేప కావాలంటే నియాన్ గోబీ ఆ పని చేస్తుంది, మామూలు తిండీ తింటుంది. ట్యూబ్‌లిప్ రాస్‌లు పగడపు పాలిప్‌లనే తింటాయి, వాటి ఊసే వద్దు. టమారిన్‌లు, పెన్సిల్ రాస్‌లు ప్రయాణం తట్టుకోవడమే కష్టం, లెపర్డ్‌ను ఏడాది నిలబెట్టినవాళ్ళు అప్పుడు ఆలోచించవచ్చు.

ఎంత ట్యాంక్‌కు ఎన్ని

లీటర్ల కంటే పొడవు ముఖ్యం, తరిమినప్పుడు పారిపోవడానికి బారు కావాలి కాబట్టి. 100 లీటర్ల లోపు ఒక్క పోసమ్ గానీ ఒక్క పింక్ స్ట్రీక్డ్ గానీ, అంతే. 90 సెం.మీ. పొడవు, 200 లీటర్లుంటే దానికి ఫ్లాషర్ల చిన్న గుంపును కలపవచ్చు. 120 సెం.మీ. పొడవు, 300 లీటర్ల ట్యాంక్‌కు పనికొచ్చే జాబితా ఒకటి ఇలా ఉంటుంది, వేయాల్సిన వరుసలోనే రాస్తున్నాం:

1. పోసమ్ రాస్ ఒకటి
2. కార్పెంటర్ ఫ్లాషర్ మగది ఒకటి, ఆడవి రెండు, కలిపి ఒకేసారి
3. లెపర్డ్ రాస్ ఒకటి, కోపెపాడ్‌లు పుష్కలంగా ఉంటేనే
4. ఎల్లో కోరిస్ ఒకటి
5. లబ్బాక్ లాంటి మెతక ఫెయిరీ మగది ఒకటి

ప్రతి అడుగుకూ మధ్య మూడు నాలుగు వారాలు ఆగండి. స్కాట్ ఫెయిరీ లాంటిది కావాలని మనసుంటే 150 సెం.మీ. పైన పొడవున్న ట్యాంక్‌లో, అన్నిటికంటే చివరన.

కొనేటప్పుడు చూడాల్సినవి

తిని చూపించమని అడగండి. రాస్‌కు ఇంతకు మించిన పరీక్ష లేదు. తల వెనక వీపు గుంటపడి ఉన్నా, పొట్ట లోపలికి అతుక్కుపోయి ఉన్నా వదిలేయండి, లెపర్డ్ అయితే ఇది మరీ ముఖ్యం. ఇసుకలేని తొట్టిలో ఉంచిన లెపర్డ్, టమారిన్‌లు అడుగుకు మూతి పొడుచుకుంటూ ఉంటాయి, పెదవులు వాచి ఎర్రబడ్డవి ఎక్కువగా కోలుకోవు. ఫెయిరీలలో తోక పైకి తేలిపోతూ, కిందికి దిగడానికి కష్టపడి ఈదేవాటిని తీసుకోకండి. లోతుల్లోంచి త్వరగా పైకి తెచ్చినప్పుడు గాలితిత్తి దెబ్బతిన్న గుర్తు అది. దుకాణపు పేరుతో సరిపెట్టుకోక శాస్త్రీయనామం అడిగి రాసుకోండి.

క్వారంటైన్

నాలుగు వారాలు వేరు తొట్టిలో ఉంచండి, దానికీ మూత ఉండాలి. రాళ్ళలో పడుకునేవాటికి పీవీసీ పైపు ముక్కలు చాలు. ఇసుకలో పడుకునేవాటికి ప్లాస్టిక్ డబ్బాలో 5 సెం.మీ. సన్న ఇసుక పెట్టండి. అది లేకపోతే చేప రాత్రంతా నిద్రలేక అడుగుకు కొట్టుకుంటుంది. పరాన్నజీవులకు వేసే కాపర్ మందు వాడుతుంటే ఆ ఇసుక కాపర్‌ను పీల్చుకుంటుంది, మోతాదు పడిపోతుంది. రోజూ టెస్ట్ చేసి సరిచేయండి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నాలుగైదు రోజుల్లో పెంచండి. ఒక్కసారిగా పెంచితే రాస్ మొదట మానేసేది తిండి. ఒళ్ళు రాళ్ళకు రుద్దుకోవడం, తల విదిలించడం కనిపిస్తే ఫ్లూక్‌లను (చర్మానికి, మొప్పలకు పట్టే పరాన్నజీవి పురుగులు) అనుమానించండి. వాటికి ప్రాజిక్వాంటెల్ మందు లీటరుకు 2.5 మి.గ్రా. వేసి, గాలి ఎక్కువగా ఇస్తూ, వారం లోపు రెండోసారి వేస్తారు.

లెపర్డ్‌కు ఈ నాలుగు వారాలే తిండి నేర్పే సమయం. బతికున్న కోపెపాడ్‌లు, అప్పుడే పొదిగిన బ్రైన్ ష్రింప్‌తో మొదలుపెట్టి, వాటిలో చేపగుడ్లు, సన్నగా తరిగిన మైసిస్ కలుపుతూ పోండి. ఫ్రీజర్ తిండి తినడం మొదలుపెట్టాకే పెద్ద ట్యాంక్‌లోకి.

ట్యాంక్‌లోకి దింపడం

రంధ్రాలున్న పారదర్శకమైన అక్లిమేషన్ బాక్స్‌ను లోపలి గాజుకు తగిలించి, కొత్త చేపను అందులో 3–5 రోజులు ఉంచండి. ఇసుక చేపైతే బాక్సు అడుగున కొంచెం ఇసుక వేయండి. పాత చేపలు దాన్ని చూస్తాయి, తిండి దాని ముందే తింటాయి. కొత్తది మాత్రం దెబ్బ తినదు.

ఈ రోజుల్లో గమనించాల్సింది పాత మగచేపను. పక్కన నిలబడి రెక్కలు విప్పి రంగు చూపిస్తే అది పలకరింపు, వదలొచ్చు. గంటల తరబడి బాక్సు గోడను నోటితో పొడుస్తుంటే ఇంకా సమయం కావాలి. వారం దాటినా తగ్గకపోతే తారుమారు చేయండి: కొత్తదాన్ని ట్యాంక్‌లోకి వదిలి, పెత్తందారును నాలుగైదు రోజులు బాక్సులో కూర్చోబెట్టండి. ఈలోగా కొత్తది పడక చోటు వెతుక్కుంటుంది. ఇదీ పనిచేయకపోతే ఆ జత కుదరదు. ట్యాంక్ బయటి గాజుకు చిన్న అద్దం ఆనిస్తే పాతది తన నీడతో గొడవపడి కొత్తదాన్ని మరిచిపోతుంది, కానీ ఇది ఒకటి రెండు రోజుల ఉపశమనమే.

వదలాల్సింది లైట్లు తగ్గే వేళలో, మిగతావాటికి కడుపునిండా పెట్టాక. మొదటి రోజు తరుములాట మామూలే. రెండో రోజుకు రెక్కలు చిరిగి, హీటర్ వెనకో, పైమూలలోనో నిలబడి తిండికి రాకపోతే ఆ చేపను వెంటనే తీసి బాక్సులో పెట్టండి. ‘సర్దుకుంటాయిలే’ అని ఇంకో రోజు ఆగితే అది మూత సందు వెతుకుతుంది.

తిండి రోజుకు రెండు మూడుసార్లు, కొద్దికొద్దిగా పెట్టండి. ఫెయిరీలు, ఫ్లాషర్లకు జీర్ణం త్వరగా అవుతుంది, రోజుకు ఒక్కసారి పెడితే చిక్కిపోతాయి, కొట్లాటలూ పెరుగుతాయి. మైసిస్, బలవర్ధకం కలిపిన బ్రైన్ ష్రింప్, చిన్న పెల్లెట్లు మార్చి మార్చి వేయండి. ప్రవాహంలో రెండు వేర్వేరు చోట్ల వేస్తే ఒక్క చేపే కాపలా కాయలేదు.

ఒకదాన్ని బయటికి తీయాల్సి వస్తే

వలతో తరిమి పట్టుకోవాలని చూడకండి. రాళ్ళన్నీ కదిలినా రాస్ దొరకదు, భయంతో వేరేది దూకుతుంది. చేపల బోనును తెరిచి లోపల పెట్టి, మూడు నాలుగు రోజులు తిండి అందులోనే వేయండి. బోను తలుపు దారం చేతిలో పట్టుకుని, కావాల్సిన చేప ఒక్కటే లోపలున్నప్పుడు వదలండి. దానికి ముందురోజు తిండి తగ్గిస్తే త్వరగా వస్తుంది.

ఇసుకలో పడుకునే రాస్‌కు ఇంకా సులువైన దారి ఉంది. అది చాలావరకు రోజూ ఒకే చోట ఇసుకలోకి దిగుతుంది. సాయంత్రం ఆ చోటును గాజు మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. లైట్లు ఆరిన గంట తర్వాత వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాను అక్కడ ఇసుకలో అడుగుదాకా దించి, ఇసుకతో సహా ఒక్క ఊపులో పైకి తీయండి. రెండో చేత్తో డబ్బా మీద మూత పెట్టడం మరవొద్దు.